రంగు పోయింది, ఉప్పు పోలేదు

మనం ఏరిన పత్తి ఎక్కడికి పోతుందో మనలో చాలామందికి తెలియదు. తెలంగాణలో, ఆంధ్రలో కూలీలు వంగి వంగి ఏరిన పత్తిలో కొంత కోయంబత్తూరు మిల్లులకు చేరి నూలవుతుంది. ఆ నూలు తిరుప్పూరులో అల్లి, అద్దకం వేసి, బనీన్లుగా, టీషర్టులుగా విదేశాలకు ఎగుమతి చేస్తారు. లాభం ఎవరికి చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు. అద్దకం వేసిన నీళ్ళు ఎవరి చేలోకి పోయాయో చూద్దామనే మేం నలుగురం, వ్యవసాయ కార్మిక సంఘం తరఫున, కిందటి ఎండాకాలం తమిళనాడు వెళ్ళి నొయ్యల్ నది ఒడ్డు పల్లెల్లో మూడు రోజులు తిరిగివచ్చాం.

భాషతో పెద్ద ఇబ్బంది రాలేదు. కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడ్ జిల్లాలుండే ఆ కొంగు ప్రాంతంలో అరుంధతియార్లనే దళిత కులస్తులు లక్షల్లో ఉన్నారు. వారిలో ఎక్కువమంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. తరతరాలుగా ఆ పొలాల్లో కూలి చేసినవారు వారే. డెబ్బై దాటిన ఒక అవ్వ మమ్మల్ని తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టింది. ఆమె మనవడు అద్దకం షెడ్డులో పనివాడు. మేం ఎందుకు వచ్చామో విని, మర్నాడు రెండు సీసాలు తెచ్చి మా ముందు పెట్టాడు. ఒకదానిలో నీళ్ళు మందార పువ్వు రసంలా ఎర్రగా ఉన్నాయి. రెండోదానిలో నీళ్ళు తేటగా ఉన్నాయి.

"రెండూ ఒకే తొట్టి నీళ్ళన్నా! ఇది కరెంటు పెట్టకముందు, ఇది పెట్టిన తర్వాత" అన్నాడు. కుర్రవాడి ముఖంలో గర్వం ఉంది, తప్పులేదు. మేం కూడా ఆశ్చర్యపోయాం.

అవ్వ ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి స్టీలు పళ్ళెం తెచ్చి, ఆ తేట నీళ్ళు దానిలో పోసి ఎండలో పెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి నీళ్ళు ఆవిరైపోయాయి. పళ్ళెం అడుగున సున్నం కొట్టినట్టు తెల్లటి పొర మిగిలింది. అవ్వ దాన్ని గోటితో గీకి మనవడికి చూపించింది.

"రంగు పోయింది నాయనా, ఉప్పెక్కడికి పోయింది?" అంది.

ఈ ఒక్క ప్రశ్న కోసమే ఈ వ్యాసం రాస్తున్నాం.

కరెంటుతో నీళ్ళు ఎలా తేటపడతాయి?

ముందు ఆ యంత్రం సంగతి తెలుసుకోవాలి. తెలియనిదాన్ని తిట్టడం మన పద్ధతి కాదు.

బురద నీళ్ళలో పటిక తిప్పడం మన ఇళ్ళలో అందరికీ తెలుసు. చిల్లగింజ అరగదీసి కలపడం మన పెద్దలకు తెలుసు. కాసేపటికి మట్టి ముద్దకట్టి అడుక్కి దిగుతుంది, పైన నీరు తేటపడుతుంది. కరెంటు యంత్రం చేసేదీ దాదాపు ఇదే. తొట్టిలో ఇనుప పలకలో, అల్యూమినియం పలకలో వరసగా నిలబెట్టి, బ్యాటరీలో ఉండేలాంటి ఏకముఖ విద్యుత్తు పారిస్తారు. పాజిటివు వైపు పలక కొద్దికొద్దిగా నీళ్ళలోకి కరుగుతుంది. నెగటివు వైపు హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. కరిగిన లోహం నీళ్ళలో మెత్తటి తుట్టెలా మారి రంగును పట్టుకుంటుంది. కొంత బుడగలతో నురగలా పైకి తేలుతుంది, కొంత బురదగా అడుక్కి దిగుతుంది. పటికను బయటినుంచి వేసే బదులు లోపలే తయారుచేసుకోవడమన్నమాట.

దీనికి లెక్క కూడా ఉంది. కరెంటు ఎంత పారితే లోహం అంత కరుగుతుందని ఫారడే అనే శాస్త్రజ్ఞుడు 1830లలోనే తేల్చాడు. ఒక జత ఇనుప పలకల మధ్య నూరు ఆంపియర్ల కరెంటు గంటసేపు పారితే నూరు గ్రాములకు కొంచెం పైగా ఇనుము కరుగుతుంది. అంటే పలకలు అరిగిపోతూనే ఉంటాయి, మార్చుతూనే ఉండాలి.

రెండో రకం యంత్రంలో పలకలు కరగవు. టైటానియం మీద రుథేనియం వంటి ఖరీదైన లోహాల పూత పూసిన పలకలు వాడతారు. నీళ్ళలో మామూలు ఉప్పు ఉంటే ఈ పలకల దగ్గర క్లోరిన్ పుడుతుంది. ఇళ్ళలో చలవబట్టల మీద మరకలు పోగొట్టే బ్లీచింగు లాంటి మందు అక్కడికక్కడే తయారై రంగును విరగ్గొడుతుంది. మనవడు తెచ్చిన సీసా ఈ రకం యంత్రందే.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. లండన్ మురుగునీటిని సముద్రపు నీటితో కలిపి కరెంటుతో శుద్ధి చేసే పని 1889లోనే చేపట్టారు. మన దేశంలో 1948లో శంకుస్థాపన జరిగిన కారైకుడి కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ తమిళనాడులోనే ఉంది. అద్దకపు నీళ్ళ మీద అక్కడి శాస్త్రజ్ఞులు చాలా పరిశోధన చేశారు. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ సంపాదించిన జ్ఞానం అది. దాని మీద మనకూ హక్కుంది.

ఉప్పు ఎందుకు పోదు?

నూలు బట్టకు వేసే రంగుల్లో ఎక్కువ భాగం రియాక్టివ్ రంగులు. నీళ్ళలో నూలుకూ రంగుకూ ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది. అందుకని రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఉప్పు పోస్తేనే రంగు బట్టకు దగ్గరవుతుంది. అందుకే అద్దకం తొట్టిలో లీటరు నీటికి, రంగు గాఢతను బట్టి, 30 గ్రాముల మొదలు 80 గ్రాముల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉప్పు పోస్తారు. అది మామూలు ఉప్పు కావచ్చు, సోడియం సల్ఫేటు కావచ్చు.

ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. రంగులో ఎక్కువ భాగం బట్టకు పడుతుంది, మిగిలింది నీళ్ళలో పోతుంది. ఉప్పు అలా కాదు. పోసిన ఉప్పు పోసినట్టే బయటికి వస్తుంది. రంగును దగ్గరకు చేర్చే తరగరిలా తన పని తాను చేసి మొత్తం తిరిగొస్తుంది.

మరి కరెంటు యంత్రం దాన్ని తీసేయదా? తీసేయదు. ఇనుప పలకల తుట్టె రంగును పట్టుకుంటుంది, సోడియాన్ని పట్టుకోలేదు. రెండో రకం యంత్రంలో ఉప్పులోని క్లోరైడు కాసేపు క్లోరిన్‌గా మారి, రంగును విరగ్గొట్టి, చాలావరకు మళ్ళీ క్లోరైడుగానే మారిపోతుంది. పైగా ఉప్పు నీళ్ళలో కరెంటు సులువుగా పారుతుంది గనక యజమానికి కరెంటు బిల్లు తగ్గుతుంది. రైతుకు శత్రువైన ఉప్పు యంత్రానికి మిత్రుడన్నమాట.

యజమానులు చూపించేది తేట నీళ్ళు. మనం అడగవలసింది ఆ నీళ్ళలో కరిగి ఉన్నదాని లెక్క. దాన్నే టీడీఎస్ అంటారు. ఇళ్ళలో నీటి ఫిల్టరు అమ్మేవాళ్ళు ముంచి చూపించే చిన్న మీటరు కొలిచేది ఇదే.

ఎకరానికి ఎన్ని బస్తాల ఉప్పు?

మన లెక్క మనం వేసుకుందాం. ఒక ఎకరానికి రెండంగుళాల లోతున తడి పెడితే 2 లక్షల 5 వేల లీటర్ల నీళ్ళు పడతాయి. ఆ నీళ్ళలో లీటరుకు 5 గ్రాముల ఉప్పు ఉందనుకోండి. ఒక్క తడికి ఎకరంలో పది క్వింటాళ్ళ పైన ఉప్పు చల్లినట్టు. యాభై కిలోల బస్తాలు ఇరవై!

సాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 2,100 మిల్లీగ్రాములు. ఆ హద్దులోనే ఉన్నా ఒక్క తడికి నాలుగు క్వింటాళ్ళ పైన ఉప్పు దిగుతుంది. మంచి వాన పడి కడుక్కుపోతే నేల తట్టుకుంటుంది. వాన తక్కువ చోట తడి మీద తడి పడితే ఉప్పు మీద ఉప్పు పేరుకుంటుంది. పక్కనే నీళ్ళున్నా వేరు పీల్చుకోలేదు. సోడియం ఎక్కువైతే నల్లరేగడి బిగుసుకుపోతుంది, పైన పెచ్చు కడుతుంది, నీరు ఇంకదు, విత్తనం మొలక పైకి రాదు. చౌడు నేల ఎలా ఉంటుందో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇది మనిషి చేసిన చౌడు.

నొయ్యల్ కథ

నొయ్యల్ నది పడమటి కనుమల్లోని వెల్లియంగిరి కొండల్లో పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరు మీదుగా పారి, కరూరు జిల్లాలో కావేరిలో కలుస్తుంది. తిరుప్పూరు దిగువన ఒరత్తుపాళయం దగ్గర ఆనకట్ట కట్టారు. 1992లో పూర్తయింది. పొలాలకు నీళ్ళిద్దామని కట్టిన ఆనకట్ట కొద్ది యేళ్ళకే అద్దకపు నీళ్ళ చెరువైంది. ఏ రైతయినా కాలవకు నీళ్ళు వదలమంటాడు. అక్కడి రైతులు మాత్రం వదలొద్దని మొరపెట్టుకోవలసి వచ్చింది. ఇంతకన్నా విడ్డూరం ఏముంటుంది?

నొయ్యల్ ఆయకట్టుదారుల రక్షణ సంఘం 2003లో మద్రాసు హైకోర్టుకెక్కింది. 2006 డిసెంబరులో కోర్టు తీర్పు చెప్పింది. ఒక్క చుక్క కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసుకోవాలి, అంతదాకా లీటరుకు 6 పైసల మొదలు 10 పైసల దాకా జరిమానా కట్టాలి, ఆనకట్ట శుభ్రం చేసే ఖర్చు భరించాలి అన్నది. యజమానుల సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. 2009 అక్టోబరులో అక్కడా ఓడిపోయింది. అయినా నీళ్ళు పారుతూనే ఉన్నాయి. చివరకు 2011 జనవరిలో అద్దకం, చలవ షెడ్లన్నిటినీ మూసెయ్యమని హైకోర్టు ఆజ్ఞాపించింది. సుమారు 700 షెడ్లు మూతపడ్డాయి.

మా అవ్వ ఇంట్లో ఈ కథ రెండు రకాలుగా నడిచింది. నది చెడి అవ్వకు కలుపు పని పోయింది, నాట్లు పోయాయి. పదేళ్ళు పైన దూరాభారం వెళ్ళి కూలి చేసింది. 2011లో షెడ్లు మూతపడి మనవడికి పని పోయింది. అప్పుడతనికి ఇరవై యేళ్ళు. ఆరు నెలలు ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదంది.

"నీ నది కోసం నా పని పోయిందే అవ్వా అని వీడు ఏడ్చాడు. నీ పని కోసం నా పొలం పని పోయిందిరా అని నేను ఏడ్చాను" అందామె.

యజమానికి కావలసింది సరిగ్గా ఇదే. పొలం కూలీకీ షెడ్డు కూలీకీ తగువు పెట్టి తను తప్పుకోవడం. నది చెడగొట్టింది మనవడు కాదు, షెడ్డు మూయించింది అవ్వ కాదు. శుద్ధి ఖర్చు మిగుల్చుకున్నవాడే ఇద్దరి కూడూ తీసేశాడు. ఈ సంగతి మన సంఘాలు రెండు వైపులా విప్పి చెప్పాలి.

పరిహారం సంగతి కూడా చెప్పుకోవాలి. 1996లో తోలు శుద్ధి కర్మాగారాల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా తమిళనాడులో పరిహారం నిర్ణయించే అథారిటీ ఒకటి ఏర్పడింది. నొయ్యల్ రైతులకూ దాని ద్వారా పరిహారం వచ్చింది. మంచిదే. కాని పరిహారం అంటే ఎకరాల లెక్క. సెంటు భూమి లేని అవ్వకు పోయిన పనిరోజుల లెక్క ఏ పుస్తకంలో ఉంది? ఆమె బావి నీళ్ళతో అన్నం వండితే గిన్నెకు పట్టే తెల్లపొర లెక్క ఎవరు రాశారు?

యంత్రం ఎక్కడ పెట్టాలి?

మరి కరెంటు యంత్రం పనికిరానిదా? కాదు. చోటు తప్పితే పనికిరాదు, చోటు తెలిసి పెడితే బాగా పనికొస్తుంది.

నది గట్టున పెట్టి, రంగు తీసి, ఉప్పు నీళ్ళను ఏట్లోకి వదిలితే అది మోసం. షెడ్డు లోపల పెడితే వేరు సంగతి. ఇప్పుడు తిరుప్పూరు ఉమ్మడి శుద్ధి కేంద్రాల్లో చేసే పని ఇలా ఉంటుంది. ముందు సూక్ష్మజీవులతో మురికి తినిపిస్తారు. తర్వాత సన్నటి పొరల గుండా నీటిని ఒత్తిడితో తోసి మంచినీరు వేరుచేస్తారు. మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఆవిరిపట్టి ఉప్పు తీస్తారు. మంచినీరు మళ్ళీ అద్దకానికే పోతుంది. ఆ చిక్కటి ఉప్పునీళ్ళలో రంగు మిగిలితే వాటిని అద్దకం తొట్టికి మళ్ళీ వాడలేరు. కరెంటుతో ఆ రంగు విరగ్గొడితే అదే ఉప్పునీటిని మళ్ళీ తొట్టిలో పోసుకోవచ్చు. అప్పుడు ఉప్పు తిరిగొచ్చిన చోటికే పోతుంది, మన చేలోకి రాదు. కరెంటు యంత్రం అసలు పని ఇది.

దీనికి ఖర్చవుతుంది. ఆవిరిపట్టడానికి కట్టెలు, బొగ్గు, కరెంటు కావాలి. రకరకాల ఉప్పులు కలిసిపోయిన ముద్ద ఎవరికీ పనికిరాక గుట్టలు పడుతుంది. వానకు అది తడిస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఇక తుట్టె బురద సంగతి. 2016 నాటి నిబంధనల్లో నీటి శుద్ధిలో వచ్చే రసాయన బురదను ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చారు. దాన్ని ఎత్తేది ఎవరు? కాంట్రాక్టు కూలీ, వట్టి చేతులతో. శుద్ధి తొట్టెలు కడగడానికి దిగి విషవాయువుకు బలైన కార్మికుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. కరెంటు యంత్రం దగ్గర అదనపు ప్రమాదాలు కూడా ఉన్నాయి. హైడ్రోజన్ నిప్పు రవ్వ తగిలితే పేలుతుంది. క్లోరిన్ గాలి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గాలి ఆడే షెడ్డు, ముఖానికి తొడుగు, చేతులకు గ్లవ్సులు దయతో ఇచ్చేవి కావు, హక్కుగా అడగవలసినవి. క్లోరిన్ రంగుతో కలిసినప్పుడు కంటికి కనిపించని కొత్త విషపదార్థాలు పుట్టే వీలు కూడా ఉంది. కనుక తేటగా ఉందని నమ్మి ఆ నీళ్ళు ఎవరూ నోట పోసుకోరాదు.

మనకెందుకు ఈ గొడవ?

మనకూ ఉంది. సిరిసిల్లలో, పోచంపల్లిలో, చీరాలలో అద్దకం పని ఎప్పటినుంచో ఉంది. వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. 2023లో కేంద్రం ప్రకటించిన పీఎం మిత్ర పార్కుల్లో తెలంగాణకూ చోటు దక్కింది. పరిశ్రమ రావాలి, మన పిల్లలకు పని కావాలి. దానికి మేం అడ్డు కాదు. కాని పటాన్‌చెరు మందుల, రసాయనాల కంపెనీల నీళ్ళు నక్కవాగులో పడి, పల్లెల పొలాలు పాడై, 1990లో సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చిన సంగతి మనం మరిచిపోలేదు. నేల పాడయ్యాక కోర్టుకు పోవడం కన్నా షెడ్డు లేవకముందే ప్రశ్నించడం మేలు.

కనుక ఎక్కడ అద్దకం షెడ్డు వస్తున్నా, "కరెంటు యంత్రం పెడతాం, నీళ్ళు తేటగా ఉంటాయి" అని ఎవరు చెప్పినా, గ్రామసభలో లేచి అడగవలసిన ప్రశ్నలు ఇవి.

ఒకటి: బయటికి వచ్చే నీటి టీడీఎస్ ఎంత? రంగు గురించి కాదు, ఉప్పు గురించి చెప్పండి.

రెండు: ఆ నీళ్ళు తిరిగి తొట్టికి పోతాయా, వాగుకు పోతాయా?

మూడు: బురదా, కలగలుపు ఉప్పూ ఎక్కడ పెడతారు? వాన తగలకుండా కప్పు ఉందా?

నాలుగు: తొట్టి కడిగేది ఎవరు? యంత్రంతోనా, మనిషిని దించా?

అయిదు: నష్టం జరిగితే భూమి లేని కూలీకి పనిరోజుల లెక్కన పరిహారం కడతామని కాగితం రాస్తారా?

జవాబు నోటిమాటగా తీసుకోవద్దు. నీటి చట్టం 1974 నుంచీ ఉంది. కాలుష్య మండలి అనుమతి పత్రంలో ఏ షరతులు పెట్టారో, పరీక్షల్లో ఏ అంకెలు వచ్చాయో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. సంఘం తరఫున ఒక టీడీఎస్ మీటరు కొనుక్కుని నెలకోసారి వాగు నీళ్ళూ బావి నీళ్ళూ కొలిచి, తేదీ వేసి, నోటుబుక్కులో రాసిపెట్టండి. రేపు అధికారి ముందు మన మాటకన్నా ఆ పుస్తకం గట్టిగా మాట్లాడుతుంది. చదువు రానివాళ్ళు కూడా ఈ పని చెయ్యగలరు, అంకె గుర్తుపడితే చాలు.

మేం బయల్దేరేటప్పుడు మనవడు షెడ్డుకు పోతూ ఎదురొచ్చాడు. ఇప్పుడతను అక్కడి కార్మిక సంఘంలో సభ్యుడు. "మా ఉప్పు గుట్టకు రేకుల కప్పు వెయ్యమని ఈ వారం యాజమాన్యానికి కాగితం ఇస్తున్నామన్నా" అన్నాడు. అవ్వ అరుగు మీద పళ్ళెం తోముతూ ఉంది. "కప్పు వేశాక మళ్ళీ ఓ సీసా పట్టుకు రారా, పోసి చూస్తాను" అంది.